ఇంట్లో ఒకరికి వైరల్ జ్వరం: మిగతావారికి అంటకుండా, తగ్గాక మళ్లీ పడకుండా ఏం చేయాలి?

గడప:
నలుగురున్న ఇల్లు. ఒకరికి జ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు మొదలై ఇది రెండో రోజు. ర్యాపిడ్ టెస్టు ఒకసారి చేస్తే నెగటివ్. ఫ్లూనో, కోవిడో, ఇంకోటో తెలియదు. గదులు రెండే, బాత్రూమ్ ఒక్కటే. డెబ్బై దాటిన పెద్దావిడ, ఆరేళ్ల పాప (20 కిలోలు) ఉన్నారు. "రెస్టు తీసుకోండి, నీళ్లు బాగా తాగండి" అని అందరూ చెబుతున్నారు, అది సరే. ఆ పైన తెలిసినవాళ్లు చెప్పండి. మిగతావారికి రాకుండా ఏ పని ముందు చేయాలి? ఏ గుర్తు కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాలి? జ్వరం దిగాక ఎన్నాళ్లకి మామూలు పనుల్లో పడొచ్చు?

కిటికీ తీయండి:
గడప గారూ, గచ్చు తుడవడం తర్వాత, ముందు గాలి సంగతి చూడండి. ఫ్లూ, కోవిడ్ లాంటివి ఎక్కువగా ఒకే గదిలో గాలి పంచుకున్నవాళ్లకే అంటుతాయి. జబ్బు మనిషి గదిలోని గాలి వీధివైపు పోవాలి, హాల్లోకి రాకూడదు. పనంతా అక్కడే ఉంది.

కిటికీ తెరిస్తే చాలనుకుంటారు కానీ, బయటి గాలి ఆ కిటికీ వైపు నుంచే కొడుతుంటే గదిలోని గాలినంతా తలుపు సందుల్లోంచి హాల్లోకి తోసేస్తుంది. అందుకని ఒక టేబుల్ ఫ్యాన్‌ని కిటికీలో బయటికి ముఖం పెట్టి నిలబెట్టండి. చుట్టూ మిగిలిన ఖాళీని అట్టముక్కలతో మూయండి, లేకపోతే బయటికి పోయిన గాలే పక్కనుంచి తిరిగొస్తుంది. గది తలుపు మూసి, హాలు కిటికీ తెరవండి. ఇప్పుడు తలుపు కింద సందు దగ్గర పల్చటి కాగితం ముక్క పట్టుకుని చూడండి. అది గదివైపు వంగితే సరిగ్గా ఉన్నట్టు. మీవైపు వంగితే ఫ్యాన్ వేగం పెంచాలి, లేదా సందులు ఇంకా మూయాలి. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది. స్ప్లిట్ ఏసీ కూడా అంతే, బయటి గాలి తీసుకోదు.

హెపా ఫిల్టర్ (గాలిలోని అతిసన్నని కణాల్ని పట్టే వడపోత) ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ దొరికితే లెక్క ఇలా వేయండి. 10 × 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అంటే 1200 ఘనపుటడుగులు. గంటకి 5 సార్లు శుభ్రపడాలంటే 6000, అంటే నిమిషానికి 100 ఘనపుటడుగులు. యంత్రం మీద రాసిన శుద్ధగాలి సామర్థ్యం, అదే సీఏడీఆర్, 100 సీఎఫ్‌ఎంకి (నిమిషానికి ఘనపుటడుగులు) తగ్గకూడదు. అట్టపెట్టె మీద "ఇంత పెద్ద గదికి సరిపోతుంది" అని వేసేది చాలాసార్లు ఇంతకంటే తక్కువ మార్పిడితో వేసిన లెక్క, దాన్ని చూసి కొనకండి.

మాస్కు జబ్బు మనిషికీ, సేవ చేసేవాళ్లకీ ఇద్దరికీ కావాలి, ముఖ్యంగా జబ్బు మనిషికి. వైరస్ పుట్టేచోటే ఆపడం తేలిక. వాల్వ్ ఉన్న మాస్కు మాత్రం ఆయనకి పెట్టకండి, వదిలిన ఊపిరి వడపోత లేకుండా ఆ వాల్వ్‌లోంచే బయటికొస్తుంది. లోపలికి వెళ్లేవాళ్లకి తలచుట్టూ రెండు పట్టీలుండే ఎన్95 మేలు. ముక్కు మీది తీగని రెండు చేతుల వేళ్లతో ఒత్తి, గట్టిగా ఊది చూడండి. కళ్లవైపు గాలి తగిలితే సరిగ్గా కుదరలేదన్నమాట. గడ్డం ఉంటే ఎంత మంచి మాస్కైనా పక్కల నుంచి కారుతుంది. తలుపు బయటే పెట్టుకోండి, బయటికొచ్చి తలుపు మూశాకే తీయండి. గదిలో తీసి "ఒక్క నిమిషమేగా" అనుకున్నచోటే చాలామందికి అంటుతుంది.

బాత్రూమ్ ఒక్కటే కాబట్టి ఆయన ఆఖరున వాడాలి. మాస్కు అక్కడే తప్పనిసరిగా తీయాల్సి వస్తుంది కనుక, ఆయన వచ్చేశాక తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ అరగంట నడవనివ్వండి. టూత్‌బ్రష్‌లు ఒకే కప్పులో ఉంచకండి.

ఎన్నాళ్లు? ఫ్లూ అయితే లక్షణాలకి 1 రోజు ముందు నుంచి ఆ తర్వాత 5–7 రోజుల వరకూ అంటుతుంది, పిల్లల నుంచి ఇంకొంత ఎక్కువ. కోవిడ్ 1–2 రోజుల ముందు నుంచి, సాధారణంగా 8–10 రోజుల వరకు. అంటే ఇప్పటికే మీ అందరికీ కొంత తగిలే ఉంటుంది. "ఇంకేం చేసి లాభం" అని వదిలేయకండి, పీల్చే మోతాదు తగ్గడం కూడా లాభమే. పెద్దావిడ ఆ గదివైపు వెళ్లనే కూడదు. సేవ ఒక్కరే చేయండి.

మాత్ర గడియారం:
ర్యాపిడ్ టెస్టు మొదటిరోజు నెగటివ్ వస్తే జబ్బు లేనట్టు కాదు. 48 గంటల తర్వాత మళ్లీ చేయండి. ఇది ఊరికే తెలుసుకోవడానికి కాదు, మందుకి గడువుంది. ఫ్లూకి ఒసెల్టమివిర్ లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తుంది. కోవిడ్‌కి నిర్మాట్రెల్విర్–రిటోనావిర్ 5 రోజుల్లోపు మొదలుపెట్టాలి. అందువల్ల పెద్దావిడకి గొంతు గరగర మొదలైనా రెండో టెస్టు కోసం ఆగకుండా అదేరోజు డాక్టర్‌తో మాట్లాడండి, "రేపటికి చూద్దాం" అనకండి. ఆవిడ వాడే మాత్రలన్నీ రాసిన కాగితం దగ్గరుంచుకోండి. రిటోనావిర్‌కి కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో, రక్తం పల్చబరిచే మందులతో పడదు.

జ్వరానికి పారాసిటమాల్. పెద్దలకి ఒక్కో డోసు 500 నుంచి 1000 మి.గ్రా., డోసుకీ డోసుకీ కనీసం 4 గంటలు, వీలైతే 6. 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. కాలేయం జబ్బున్నవాళ్లకి, రోజూ మద్యం తాగేవాళ్లకి, బాగా బక్కపలచని వాళ్లకి హద్దు ఇంకా తక్కువ, అది డాక్టర్ చెప్పాలి. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. జ్వరానికొకటి, జలుబుకొకటి, ఒంటినొప్పులకొకటి అని మూడు వేసుకుంటే తెలియకుండానే మూడుసార్లు ఒకే మందు పడుతుంది. కాలేయం దెబ్బతినేది ఇలాగే. రేపర్ వెనకవైపు చదవండి, వేసిన సమయం గోడమీద కాగితంలో రాయండి. ఇద్దరు వంతులవారీగా చూసుకునే ఇంట్లో ఈ కాగితం లేకపోతే డోసు రెండుసార్లు పడటం ఖాయం.

పాపకి వస్తే కిలోకి 15 మి.గ్రా. చొప్పున, 20 కిలోలకి 300 మి.గ్రా. ఇక్కడ సిరప్ బలం చూడాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్నదైతే 12.5 మి.లీ., 250 ఉన్నదైతే 6 మి.లీ. చంటిపిల్లల చుక్కల మందు మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటుంది, అది 3 మి.లీ. దాటకూడదు. సీసా మారినప్పుడు పాత కొలతే పోయడం పెద్ద ప్రమాదం. రోజుకి 4 డోసులు మించొద్దు. పిల్లలకి ఆస్పిరిన్ అసలు వద్దు. ఫ్లూ, ఆటలమ్మ ఉన్నప్పుడు ఇస్తే మెదడు, కాలేయం దెబ్బతినే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. డెంగీ అనుమానం ఉన్నచోట పెద్దలకైనా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు, రక్తస్రావం పెంచుతాయి.

యాంటీబయాటిక్ వైరస్‌ని ఏమీ చేయదు. మిగిలిపోయిన స్టిరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లూ ఉన్నారు, వద్దు. 2020లో బ్రిటన్ ఆసుపత్రుల్లో కోవిడ్ మందుల్ని పరీక్షించిన రికవరీ ట్రయల్‌లో తేలింది ఇదే: డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగుల్లో మరణాలు తగ్గించింది, ఆక్సిజన్ అక్కర్లేనివారికి మేలు చేయలేదు.

ఇక ఆసుపత్రి గుర్తులు. థర్మామీటర్ అంకె కంటే ఊపిరి లెక్క ఎక్కువ చెబుతుంది. మనిషికి చెప్పకుండా, పూర్తి 60 సెకన్లు లెక్కపెట్టండి. చెబితే తెలియకుండానే ఊపిరి మార్చేస్తారు. పెద్దలకి 12–20 మామూలు. 24 దాటితే డాక్టర్‌కి ఫోన్, 30 దాటితే ఆసుపత్రి. పాపకి జ్వరం లేనప్పుడు, నిద్రలో 30 దాటినా, ఊపిరికి పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతున్నా ఆలస్యం చేయకండి. పెద్దావిడకి జ్వరమే రాకపోవచ్చు. కొత్తగా తికమకగా మాట్లాడటం, తూలి పడటం, తిండి మానేయడం ఆవిడ విషయంలో జ్వరంతో సమానం. ఎవరికైనా ఛాతీనొప్పి, పెదాలు నీలం, 8–10 గంటలు మూత్రం రాకపోవడం ఉంటే ఇంట్లో ఉంచకూడదు.

ఇంకోటి, అందరూ ఏమరిచేది. జ్వరం దిగి ఒకటి రెండు రోజులు బాగుండి మళ్లీ జ్వరం, దగ్గు ఎక్కువైతే అది పాత వైరస్ మిగులు అనుకోకండి. ఫ్లూ తర్వాత బ్యాక్టీరియా న్యుమోనియా ఇలాగే వస్తుంది. యాంటీబయాటిక్ అవసరమయ్యేది అప్పుడే, కానీ పరీక్ష చేసి డాక్టర్ రాయాలి.

గడప:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండీ. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటర్ ఒకసారి 97, ఇంకోసారి 93 చూపిస్తోంది. ఏది నమ్మాలి? ఆవిరి పట్టించొచ్చా?

మాత్ర గడియారం:
వేలు చల్లగా ఉన్నా, గోరురంగు ఉన్నా, చెయ్యి కదిలినా తప్పు చూపిస్తుంది. 5 నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు రుద్ది వెచ్చబెట్టి, చెయ్యి గుండెమీద ఆనించి, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగండి, ఒక నిమిషం పట్టొచ్చు. అది చూపించే నాడి అంకె మణికట్టు దగ్గర మీరు లెక్కపెట్టిన నాడితో కలవకపోతే ఆక్సిజన్ అంకెనీ నమ్మకండి. ఇలా చేశాక 95, ఆపైన సరే. 93–94 నిలిస్తే అదేరోజు డాక్టర్. 92, అంతకంటే తక్కువైతే అత్యవసరం. చర్మం నల్లగా ఉన్నవారిలో ఈ యంత్రం నిజం కంటే కాస్త ఎక్కువ చూపే అవకాశం ఉంది, కాబట్టి 95 దగ్గర ఉండి మనిషి ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి. కూర్చున్నప్పుడు అంకె బాగుండి, ఒక నిమిషం కుర్చీలోంచి లేచి కూర్చుంటే 3 అంకెలు పడిపోయినా డాక్టర్‌కి చెప్పాల్సిందే. కూర్చున్నప్పుడే తక్కువగా ఉంటే ఈ పరీక్ష చేయించకండి.

రోజుకి మూడుసార్లు చాలు. పది నిమిషాలకోసారి పెడితే భయం పెరగడం తప్ప లాభం లేదు.

కిటికీ తీయండి:
ఆవిరి వద్దండీ. వైరస్ దానికి చావదు. వేడినీళ్ల గిన్నె ఒళ్లో ఒలికి కాలిన కేసులు, ముఖ్యంగా పిల్లల్లో, చాలా ఉన్నాయి. ముక్కు బిగిస్తే ఉప్పునీటితో కడగడం నయం. నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవే వాడాలి. కుళాయి నీళ్లు నేరుగా ముక్కులోకి పోస్తే అరుదుగానైనా మెదడుకి పాకే అమీబా ప్రమాదం ఉంది.

సున్నా నాలుగు:
వాంతులు, విరేచనాలు కూడా ఉంటే పైన చెప్పిన గాలి జాగ్రత్తలకి తోడు చేతుల సంగతి పెద్దదవుతుంది. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు, ఆల్కహాల్ కరిగించే కొవ్వుపొర దానికి ఉండదు. సబ్బుతో 20 సెకన్లు రుద్ది కడగడమే దారి. వాంతి పడ్డచోటు ముందు కాగితంతో ఎత్తేసి, 5 శాతం ద్రవ బ్లీచ్ 20 మి.లీ.కి నీళ్లు కలిపి 1 లీటరు చేసి తడిపి, కనీసం 5 నిమిషాలు వదిలేయండి. వెంటనే తుడిచేస్తే పని జరగదు. యాసిడ్‌తోగానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోగానీ బ్లీచ్ కలపకండి, విషవాయువు వస్తుంది. వాంతులు ఆగాక కూడా 48 గంటలు ఆ మనిషి వంట చేయకూడదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, దానిమీద రాసినన్ని నీళ్లలో ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో అంచనాకి కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. ప్యాకెట్ లేకపోతే 1 లీటరు నీళ్లకి 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ చెంచా అంచుకి సమంగా గీసి కొలవాలి. వాంతి అయ్యాక 10 నిమిషాలు ఆగి, ఒకటి రెండు నిమిషాలకోసారి ఒక చెంచా ఇవ్వండి. దాహంగా ఉందని గ్లాసెడు తాగిస్తే గ్లాసెడూ తిరిగొస్తుంది.

పొద్దుటి నడక:
మూడో ప్రశ్నకి: జ్వరం దిగిన మర్నాటి నుంచి రోజూ కొంచెం కొంచెం నడక పెంచితే బలం అదే వస్తుంది. పడుకునే ఉంటే కండ కరిగిపోతుంది.

మెల్లగా:
పైన చెప్పింది చాలామందికి సరిపోతుంది, కొందరిని మాత్రం నిలువునా కూలదోస్తుంది. ఆ కొందరెవరో ముందే తెలుసుకునే పద్ధతి ఉంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వైరస్ తర్వాతి నీరసంలో రెండు రకాలు. ఒకటి మామూలు బలహీనత: పని చేస్తే అప్పుడే అలసట, నిద్రపోతే తేరుకుంటారు, వారం వారం మెరుగవుతారు. రెండోది శ్రమ తర్వాతి కుంగుబాటు: పని చేసినప్పుడు బాగానే ఉంటుంది, 12 నుంచి 48 గంటల తర్వాత పడిపోతారు. జ్వరమొచ్చినట్టు ఒళ్లునొప్పులు, గొంతునొప్పి, మెదడు మొద్దుబారడం, నిద్రపోయినా తీరని అలసట. దెబ్బ ఆలస్యంగా తగలడం వల్లే కారణం కనబడదు. మంగళవారం పనికి గురువారం పడిపోయి "ఈరోజు ఏమీ చేయలేదే" అనుకుంటారు.

అందుకని జ్వరం దిగిన రోజు నుంచి రెండు వారాలు ఒక కాగితం మీద రోజుకి మూడు ముక్కలు రాయండి: ఏం చేశాను, ఎంతసేపు, సాయంత్రం ఒళ్లెలా ఉంది. చదవడం, ఫోన్‌లో మాట్లాడటం, లెక్కలు చూడటం కూడా రాయాలి, మెదడు పని కూడా శ్రమే. పడిపోయిన రోజు నుంచి రెండు రోజులు వెనక్కి చూస్తే కారణం దొరుకుతుంది. ఒకే రకం పని తర్వాత రెండుసార్లు పడిపోతే మీది రెండో రకం.

రెండో రకానికి "కొంచెం కొంచెం పెంచడం" పనిచేయదు. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2021లో క్రానిక్ ఫటీగ్ (నెలల తరబడి తీరని అలసట జబ్బు) మార్గదర్శకాలు మార్చినప్పుడు, నిర్ణీత మెట్లలో వ్యాయామం పెంచే చికిత్సని ఇవ్వొద్దని రాసింది. దానికి బదులు హద్దులో ఉండటం. చేయగలననుకున్నదాంట్లో సగం చేసి ఆగండి, అలసట రాకముందే. 10 నిమిషాలు పని, 10 నిమిషాలు పడక, కళ్లు మూసుకుని, ఫోన్ లేకుండా. స్నానం కుర్చీలో కూర్చుని. నాడి చూసే పట్టీ ఉంటే పొద్దున లేవకముందు నాడి వారం రోజులు రాసి, సగటుకి 15 కలపండి. 68 అయితే 83. పనిలో అది దాటినప్పుడల్లా ఆగి కూర్చోండి. మెట్లెక్కినా దాటేస్తుంది మొదట్లో, అది చూసి దిగులుపడకండి. మంచిరోజు వచ్చినప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి, పేరుకున్న పనులన్నీ ఆరోజే చేసేసి మళ్లీ మొదటికొస్తారు.

లేచి నిలబడితే గుండె దడ, కళ్లు బైర్లు కమ్మితే ఇది చేయండి. 10 నిమిషాలు పడుకుని నాడి చూడండి. తర్వాత గోడకి ఆనుకుని 10 నిమిషాలు నిలబడి నిమిషానికోసారి రాయండి, పక్కన ఒకరుండాలి, తూలినట్టుంటే ఆపేయాలి. పెద్దల్లో రక్తపోటు పడిపోకుండానే నాడి 30 పెరిగి అలాగే నిలిస్తే, ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్లి పాట్స్ (నిలబడితే నాడి అతిగా పెరిగే జబ్బు) గురించి అడగండి. "ఆందోళన" అని పంపేయకుండా ఆ అంకెలు మీ తరఫున మాట్లాడతాయి. ఛాతీనొప్పి, ఉన్నట్టుండి దడ, స్పృహ తప్పడం ఉంటే మాత్రం నడక కూడా ఆపి ముందు ఈసీజీ. గుండె కండరం వాచి ఉంటే 3 నుంచి 6 నెలలు గట్టి వ్యాయామం నిషేధం.

ఇవన్నీ రోగులే ముందు గమనించినవి. కోవిడ్ తగ్గాక కూడా నెలల తరబడి లక్షణాలు మిగిలే స్థితికి "లాంగ్ కోవిడ్" అనే మాటే 2020లో రోగుల నుంచి పుట్టింది. 2021లో రోగులే పరిశోధకులై, 56 దేశాల నుంచి 3,762 మందిని అడిగి 203 లక్షణాలు నమోదు చేశారు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది. కాబట్టి ఒంట్లో ఏదో తేడా ఉందని మనిషి చెబుతుంటే, రక్తపరీక్షలు మామూలుగా ఉన్నాయని కొట్టేయకండి.

పొద్దుటి నడక:
మొదటి రకం అనే అనుకుని రాశాను, రెండోది వేరే అన్నమాట నిజమే. మొదటి రకం వాళ్లకి కూడా హద్దు చెబుతాను: ఇంటిపనులు ఆయాసం లేకుండా చేయగలిగి, లక్షణాలేవీ లేకుండా 7 రోజులు గడిచాకే వ్యాయామం. మొదట చదునైన నేలమీద 10–15 నిమిషాలు, నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంతో. అదే స్థాయిలో 7 రోజులు ఉండి, మర్నాడు నలత లేకపోతేనే పెంచాలి.

దగ్గు గురించి అడగలేదు కానీ అది అందరినీ భయపెడుతుంది. మిగతావన్నీ పోయాక 3 నుంచి 8 వారాలు పొడిదగ్గు ఉండొచ్చు. దగ్గు వచ్చేలా ఉన్నప్పుడు ఒక గుక్క నీళ్లు మింగి, నోరు మూసి ముక్కుతో మెల్లగా పీల్చండి, దగ్గే దగ్గుని పెంచే ఆ చక్రం తెగుతుంది. రక్తం పడినా, బరువు తగ్గినా, 8 వారాలు దాటినా ఎక్స్‌రే. క్షయ ఎక్కువున్న ప్రాంతమైతే 2 వారాలకే కఫం పరీక్ష. జుట్టు కూడా జ్వరమొచ్చిన 2–3 నెలలకి గుప్పెళ్లుగా రాలుతుంది, కుదుళ్లు చావవు కనుక మళ్లీ వస్తుంది.

లవంగం:
వాసన పోతే చిన్న మాట. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ నూనెలు నాలుగు సీసాల్లో, రోజుకి రెండుసార్లు, ఒక్కోటి 10–20 సెకన్లు, దాని అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ మెల్లగా పీల్చాలి. జర్మనీలో హుమ్మెల్ బృందం 2009లో పరీక్షించిన పద్ధతి నుంచి వచ్చిందే ఇది. కనీసం 12 వారాలు చేయాలి, రెండు వారాలకే మానేసేవాళ్లే ఎక్కువ. మధ్యలో మంచి వాసనలు కుళ్లువాసనలా తోస్తే బెదరకండి, నరాలు మళ్లీ అతుక్కునేటప్పుడు అలా జరుగుతుంది. వాసన తెలియనన్నాళ్లూ వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించండి, నిల్వ పదార్థాల మీద తెరిచిన తేదీ రాయండి.